లైటు అన్నయ్యది, బ్రేకు ఆయనది

ఆ వీధిలో ఆమెను అందరూ టెలిఫోనక్క అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురు కొట్టులో టైర్లు అమ్మే ఆయన. మొదట్లో అది వెక్కిరింపు. తర్వాత అలవాటైంది, ఆ తర్వాత గౌరవం కూడా చేరింది. ఇప్పుడు ఉత్తరాలు పంచేవాడు కూడా గుమ్మంలో నిలబడి "టెలిఫోనక్కా, సంతకం" అంటాడు. ఆమెకు కోపం రాదు. నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్న ఉద్యోగం అదే అయినప్పుడు కోపం ఎవరి మీదని తెచ్చుకుంటుంది?

షెడ్డు ఒకటే, పనివాళ్ళు ఇద్దరు. ఒకరు ఆమె భర్త, బ్రేకుల మేస్త్రీ. బ్రేకు, క్లచ్చి, కారేది, జారేది, అరిగేది అన్నీ ఆయనవి. రెండోవాడు ఆమె సొంత అన్న, కార్ల ఎలక్ట్రీషియను. వెలిగేది, మోగేది, ముట్టుకుంటే జివ్వుమనేది అతనిది. ఇద్దరూ పనిలో మొనగాళ్ళే. ఒకరి పనికి రెండోవారు ఇంతవరకూ వంక పెట్టింది లేదు. వంక పెట్టాలంటే నోరు విప్పాలి. నాలుగేళ్ళుగా ఆ బావలిద్దరికీ మాటల్లేవు.

కారణం చెబితే నవ్వుతారు, చెప్పకపోతే కథ నడవదు. అన్న తన స్కూటరుకు కొత్తగా రంగు వేయించుకున్నాడు. దాని ముందు డిక్కీ మీద మేస్త్రీ బ్రేకు ఆయిల్ డబ్బా పెట్టి, కబుర్లలో పడి, అరగంట మరిచిపోయాడు. బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుందని ఆ పనిలో ఉన్న ఎవర్ని అడిగినా చెబుతారు. డబ్బా తీసేసరికి దాని అడుగు ఎంతుందో అంత మేర గుండ్రంగా రంగు లేచొచ్చింది. "పొరపాటైంది బావా" అని ఒక్క ముక్క అంటే ఆ పూటతో పోయేది. మేస్త్రీ వంగి చూసి, గోటితో గీరి, రంగు నాసిరకం అన్నాడు. అంతే, గోరంతది కొండంతయింది. అన్న ఆ డిక్కీకి మళ్ళీ రంగు వేయించలేదు, వేయిస్తే సాక్ష్యం పోతుందని.

మాటలు పోయాయి కానీ పని పోలేదు. ఏ కారు వచ్చినా ఇద్దరి చేతులూ పడాల్సిందే. అందుకని మధ్యలో ఆమె. మేస్త్రీ ఆమెతో అంటాడు, ఆ వైర్ల చిక్కు నా బల్ల మీంచి తియ్యకపోతే చెత్తబుట్టలో పారేస్తానని మీ అన్నకు చెప్పు అని. ఆమె నాలుగడుగులు వేసి, "అన్నయ్యా, వైర్లు పాడైపోతాయేమోనట, జాగ్రత్త చేసుకోమంటున్నారు" అంటుంది. మీ ఆయనకు ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందన్నమాట అంటాడు అన్న. ఆమె వెనక్కి నాలుగడుగులు వేసి, సంతోషమన్నాడండీ అంటుంది. తిట్టు బయల్దేరిన చోట తిట్టే, చేరిన చోట క్షేమసమాచారం. నలుగురిలో తిరగాల్సిన తెలివంతా ఆ నాలుగడుగుల్లోనే అరిగిపోయింది పాపం.

ఇందులో అసలు విచిత్రం ఇంకొకటుంది. ఆ ఇద్దరూ నిలబడేది పది అడుగుల దూరంలో. ఇద్దరికీ చెవులు శుభ్రంగా వినపడతాయి. మొదటి మాట ఉన్నదున్నట్టు, తిట్టుతో సహా, వినపడుతుంది. అయినా అది లెక్కలోకి రాదు. ఆమె వచ్చి చెప్పాక మాత్రమే విన్నట్టు. అప్పటిదాకా ఇద్దరూ నిమ్మకు నీరెత్తినట్టు తమ పని తాము చేసుకుంటారు. ఎవరు పెట్టారో ఈ నియమం తెలియదు, తప్పినవాడు మాత్రం లేడు.

ఆమెకు ఇదంతా విసుగు పుట్టి చాలా కాలమైంది. అడకత్తెరలో పోకచెక్కలా ఎన్నాళ్ళుంటుంది ఎవరైనా? ఆమెకు షెడ్డులో ఒకే ఒక్క సుఖం, బాగైన కారును వీధుల్లో తిప్పి చూడటం. ఆ పని మొదటినుంచీ ఆమెదే. ఆమె పాదం పెడల్ మీద పెట్టగానే బ్రేకు ఎంత పడుతోందో, ఏ చక్రం లాగుతోందో చెప్పేస్తుంది. మూడు వీధులు తిరిగి వచ్చేదాకా ఆమె నోట్లో ఇంకొకరి మాట ఉండదు.

ఆ తిరగడమే ఒకరి కంట పడింది. వీధి చివర ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పే స్కూలు ఉంది. దాని యజమానురాలు ఒక బుధవారం ఆమె ఒక పెద్ద వ్యానును సందులోంచి వెనక్కి నడిపించుకుంటూ రావడం చూసి, నేర్పడానికి వస్తావా అని అడిగింది. సోమవారం ఉదయం ఎనిమిదికి రావాలి, శనివారం సాయంత్రంలోగా మాట చెప్పాలి. ఆమెకు ఆ ఉద్యోగం ఎంత కావాలనిపించిందంటే, ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, "ఎడమకు చూడండి, ఇప్పుడు క్లచ్చి వదలండి" అని నాలుగుసార్లు అనుకుంది. కానీ ఎవరికీ చెప్పలేదు. తను వెళ్తే ఇక్కడ ఆ ఇద్దరూ గోడతో ఒకరు, స్కూటరుతో ఒకరు మాట్లాడుకుని, నెల తిరక్కుండా షెడ్డుకు తాళం పెట్టేస్తారని ఆమె భయం. వాళ్ళు మాట్లాడుకుంటేనే తను వెళ్ళగలదు. చేతిలో ఉన్నవి మూడు రోజులు.

మర్నాడు, గురువారం పొద్దున, పళ్ళ డాక్టరు వచ్చాడు.

డాక్టరు వచ్చిన కారు ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లది. ముందు భాగం బారెడు, ఎత్తు మనిషి నడుము దాకా లేదు, వయసు డాక్టరుకు దగ్గర దగ్గర. డాక్టరేమో భారీ మనిషి. తలుపు తెరిచి, ముందు ఒక కాలు బయట పెట్టి, తర్వాత ఒక చెయ్యి నేలకు ఆనించి, ఆ తర్వాత మిగతా శరీరాన్ని విడతలవారీగా బయటకు తీశాడు. ఇదంతా అయ్యేదాకా షెడ్డులో అందరూ నవ్వకుండా వేరేవైపు చూశారు.

ఆయన కష్టం ఏమిటంటే, ముందున్న మీటర్ల పక్కన బ్రేకు లైటు ఎర్రగా వెలుగుతోంది, ఆరదు. బ్రేకు మాత్రం పడుతూనే ఉంది. ఇప్పటికి రెండు చోట్ల చూపించాడు. ఒక చోట హ్యాండ్‌బ్రేకు కింద ఉండే స్విచ్చి మార్చారు. రెండో చోట ఏకంగా బల్బు పీకి, కాగితంలో పొట్లం కట్టి చేతిలో పెట్టి, ఇక వెలగదు, నిశ్చింతగా వెళ్ళండి అన్నారు. డాక్టరు ఇంటికి వెళ్ళి ఆ బల్బు మళ్ళీ తనే బిగించుకున్నాడు. పన్ను పుచ్చితే నొప్పికి మాత్రిచ్చి పంపేవాణ్ణి డాక్టరనరు కదా అని ఆయన బాధ. పైగా వాళ్ళమ్మ ఒకటే మాట మీద ఉంది, ఎర్రలైటంటే ఆగమని అర్థం, అది ఆరేదాకా నేనా కారెక్కను అని. ఆదివారం అమ్మను తిప్పుతానని కొడుకు మాటిచ్చాడు.

ఇక్కడ మొదలైంది అసలు తిరకాసు. వెలిగేదంతా అన్నది, బ్రేకు మేస్త్రీది. మరి బ్రేకు లైటు ఎవరిది?

వెలుగుతోంది కదా, మీ అన్నది అన్నాడు మేస్త్రీ. లైటు సరిగ్గా వెలుగుతోంది, వెలగడంలో దానికి ఏ లోపమూ లేదు, లోపం ఎక్కడో ఉందని అది మొత్తుకుంటోంది, కనుక మీ ఆయనది అన్నాడు అన్న. ఆమె మధ్యాహ్నం దాకా ఆ నాలుగడుగులు అటూ ఇటూ తిరిగింది. డాక్టరు తిరునాళ్ళలో తప్పిపోయినవాడిలా ఒక్కొక్క మొహమే చూస్తూ నిలబడ్డాడు. చివరికి మేస్త్రీ లేచాడు. పని చేద్దామని కాదు, బ్రేకులో తప్పు లేదని రుజువు చేద్దామని.

నాలుగు చక్రాలూ ఊడదీశాడు. ముందు భాగంలో బ్రేకు ఆయిల్ ఉండే సీసాలో చూస్తే వేలి మందం తక్కువ. వెనక ఎడమ చక్రంలో, బ్రేకును నెట్టే చిన్న సిలిండరు రబ్బరు చెమర్చి ఉంది. అంటే తప్పు ఉంది, తన వైపే ఉంది. మేస్త్రీ ఆ సంగతి నోటితో అనలేదు. రబ్బరు మార్చి, కొత్త ఆయిల్ పోసి, పైపుల్లో గాలి తీయడానికి కూర్చున్నాడు. ప్రతి చక్రం దగ్గరా ఆయిల్ వదిలే చిన్న మేకులాంటిది ఒకటుంటుంది, నిప్పిల్ అంటారు. ఒకరు పెడల్ తొక్కితే ఒకరు దాన్ని విప్పి, గాలి బుడగలు పోయాక బిగించాలి. తొక్కింది ఎప్పటిలాగే ఆమె. "తొక్కు, పట్టుకో, వదులు" అంటే చాలు, ఆ మొగుడూ పెళ్ళాలకు చూపు కూడా కలవక్కర్లేదు. శుక్రవారం పొద్దుటికి బ్రేకు రాయిలా గట్టిపడింది.

లైటు మాత్రం వెలుగుతూనే ఉంది.

మేస్త్రీ చేతులు తుడుచుకుని, ఇక మీ అన్నదే అన్నాడు, చాలా సంతోషంగా. అన్న చిన్న టెస్టు బల్బు పట్టుకుని దిగాడు. హ్యాండ్‌బ్రేకు స్విచ్చి వైరు పీకాడు, లైటు ఆరలేదు. ఆయిల్ సీసా మూత వైరు పీకాడు, ఆరలేదు. ముందు భాగంలో తలదూర్చి, మోచేతులు గీరుకుపోతుండగా, అడుగున ఎక్కడో ఉన్న ఒక ఇత్తడి ముక్క మీంచి వైరు లాగాడు. లైటు ఆరింది. తగిలించాడు, వెలిగింది. మళ్ళీ లాగాడు, ఆరింది. మూడోసారి కూడా లాగి చూపించాడు, అది అక్కర్లేకపోయినా. నా వైరు నిజమే చెబుతోంది, ఆ ఇత్తడి ముక్కలోంచి పోయేది కరెంటు కాదు, ఆయిల్, వెళ్ళి మీ ఆయనకు చెప్పు అన్నాడు.

ఆమె వచ్చి ఇత్తడి ముక్క అనగానే మేస్త్రీ పంతం మరిచి దగ్గరికొచ్చాడు. కొత్త కార్లలో అది ఉండదు. ఆయన పని నేర్చుకునే రోజుల్లో చూశాడు. ముందు చక్రాల పైపు ఒకవైపు, వెనక చక్రాలది ఒకవైపు దాంట్లోకి వస్తాయి. మధ్యలో వేలెడు పొడవు గుండు కడ్డీ ఒకటి అటూ ఇటూ జరగగలిగేలా ఉంటుంది. రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉన్నంతకాలం అది కదలక మధ్యలో ఉంటుంది. ఒకవైపు కారిందా, రెండో వైపు దాన్ని నెట్టేస్తుంది, అది పోయి వైరుకు తగిలి లైటు వెలిగిస్తుంది. వెనక చక్రం కారినప్పుడు కడ్డీ అటు పోయింది. కారడం ఆగినా తనంతట తాను వెనక్కి రాదు, పంతం పట్టింది కదా. ఎవరో దాన్ని మళ్ళీ మధ్యకు నెట్టాలి.

నెట్టడానికి దారుంది. ముందు చక్రం నిప్పిల్ కొంచెం విప్పి ఉంచి, పెడల్‌ను మెల్లగా, చాలా మెల్లగా తొక్కుతూ పోవాలి. కడ్డీ మధ్యకు రాగానే లైటు ఆరుతుంది. ఆరిన క్షణమే నిప్పిల్ బిగించాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే కడ్డీ మధ్య దాటి రెండో వైపు పోయి తగులుతుంది, లైటు మళ్ళీ వెలుగుతుంది. అప్పుడు వెనక చక్రం దగ్గరికి పోయి మళ్ళీ మొదటినుంచి. లైటు కనపడేది సీట్లో కూర్చున్నవాడికి. నిప్పిల్ అందేది నేల మీద పడుకున్నవాడికి.

శనివారం పొద్దున డాక్టరు ఆస్పత్రికి తాళం వేసుకుని వచ్చి ఒక పాత టైరు మీద కూర్చున్నాడు. మేస్త్రీ ముందు చక్రం పక్కన గోనె పరుచుకుని పడుకున్నాడు. చెల్లెమ్మా, నువ్వెక్కు అన్నాడు అన్న.

ఆమె కారు తలుపు దాకా వెళ్ళి ఆగిపోయింది. తను ఎక్కితే ఒక్క నిమిషం పని. లైటు ఆరుతుంది, తను "బిగించండి" అంటుంది, ఆయన బిగిస్తారు, డాక్టరు వెళ్ళిపోతాడు, వీళ్ళు మళ్ళీ మూగనోములో కూర్చుంటారు. సాయంత్రం తను స్కూలుకు వెళ్ళి రాలేనని చెప్పి వస్తుంది. తలుపు మీంచి చెయ్యి తీసేసి, నా మోకాలు పట్టేసింది అన్నయ్యా, నువ్వే ఎక్కు అంది. అదే మోకాలితో ఆమె గంట క్రితం నిండు నీళ్ళ డ్రమ్ము షెడ్డు ఈ చివరి నుంచి ఆ చివరికి తన్ని దొర్లించిన సంగతి ముగ్గురికీ తెలుసు. కానీ ఆడమనిషి మోకాలి గురించి వాదించే ధైర్యం ఇద్దరికీ లేదు.

అన్న ఎక్కాడు. సీటు నేలకు జానెడు ఎత్తు. అతని మోకాళ్ళు చెవుల దగ్గరికొచ్చాయి. ఆమె ఇద్దరికీ మధ్య, ముందు చక్రం వెనకాల నిలబడింది. మేస్త్రీ నిప్పిల్ విప్పాడు. అన్న మెల్లగా తొక్కాడు. లైటు ఆరింది.

"ఆరింది, బిగించమను" అన్నాడు అన్న.

మూడు మూరల దూరంలో పడుకున్న మేస్త్రీకి అది స్పష్టంగా వినపడింది. రెంచి మీద చెయ్యి కదల్లేదు. ఆమె అటు తిరిగి, నాలుగేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది, "ఏమండీ, ఆరిందట, వీలు చూసుకుని కాస్త బిగించమంటున్నాడు" అంది. మేస్త్రీ వెంటనే బిగించాడు. అప్పటికే కడ్డీ దాటిపోయింది. లైటు వెలిగింది.

వెనక చక్రానికి మారారు. మళ్ళీ అదే కథ. మళ్ళీ ముందుకొచ్చారు. ఈసారి ఆమె మర్యాదలన్నీ మానేసి "బిగించండి" అని ఒక్క మాటే అంది. అదీ ఆలస్యమే. గోనె ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు మారింది. మేస్త్రీ వీపు మట్టికొట్టుకుపోయింది. అన్నకు పిక్క పట్టేసింది. పోసిన ఆయిల్ సగం సీసాలోంచి గొట్టం గుండా డబ్బాలోకి చేరింది. డాక్టరు చాలాసేపు ఓపిక పట్టి, చివరికి వంగి మేస్త్రీని అడిగాడు.

"ఆయన బిగించమన్నది మీకు వినపడటం లేదా?"

"వినపడుతోంది" అన్నాడు మేస్త్రీ.

"మరి?"

"ఆవిడ చెప్పాలిగా."

డాక్టరు ఎందరి నోళ్ళలోకో చూసినవాడు. ఇలాంటి నోళ్ళు మాత్రం చూడలేదు. ఇంకేమీ అడక్కుండా టైరు మీదకు వెళ్ళిపోయాడు.

ఐదోసారికి మేస్త్రీ ముందు చక్రం నిప్పిల్ విప్పాడు. అన్న పెడల్ మీద కాలు మోపాడు. ఆ పనిలో ఒక కట్టుబాటుంది. నిప్పిల్ తెరిచి ఉన్నంతసేపు పెడల్ మీద కాలు తియ్యకూడదు, తీస్తే పైపులు గాలి పీల్చి రెండు రోజుల పని మట్టిపాలవుతుంది. రెంచి పట్టినవాడూ వదలకూడదు. ఇల్లు కాలుతున్నా సరే, ఇద్దరూ ఎక్కడివాళ్ళు అక్కడే. ఆమె ఆ ఇద్దరినీ ఒకసారి చూసింది. బల్ల మీది మంచినీళ్ళ సీసా తీసుకుంది. అది నిండుగానే ఉంది. "నీళ్ళు అయిపోయాయి, పట్టుకొస్తా" అని ఎవరికి చెబుతోందో తెలియకుండా చెప్పి, నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్ళింది ఎంతో దూరం కాదు, షెడ్డు మూలనున్న పాత టైర్ల గుట్ట వెనక్కి. అక్కడ సందులోంచి చూస్తూ, తన జీవితంలో ఇంత దుర్మార్గపు పని ఇంతకుముందు చేయలేదని అనుకుంది.

పెడల్ మెల్లగా దిగుతోంది. లైటు ఇంకా వెలుగుతోంది. అన్న తలెత్తి చూశాడు. ఆమె నిలబడాల్సిన చోట గోడ ఉంది.

"చెల్లెమ్మా" అన్నాడు. కాసేపాగి కొంచెం గట్టిగా మళ్ళీ అన్నాడు.

"ఎక్కడ చచ్చావే" అని చక్రం కిందనుంచి మేస్త్రీ.

పలికేవారు లేరు. అన్న కాలు వణకడం మొదలైంది. వెనక్కి తియ్యడానికి లేదు, ఆపడానికి లేదు, ముందు నుయ్యి వెనక గొయ్యి. అప్పుడు డాక్టరుకు జాలి వేసి, మధ్యలోకి వచ్చి, నేను చెప్పనా అన్నట్టు నోరు తెరిచాడు. టైర్ల వెనక ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. డాక్టరు చూపు తన మీద పడగానే రెండు చేతులూ జోడించి, ఆ వెంటనే పెదవుల మీద వేలు పెట్టుకుంది. అందరినీ నోరు తెరవమనే మనిషి తన నోరు మూసుకున్నాడు.

లైటు ఆరింది.

"బావా, బిగించు" అన్నాడు అన్న.

ఆ మాట పూర్తయ్యేలోపే రెంచి తిరిగింది. నాలుగేళ్ళలో మొదటిసారి మేస్త్రీ విన్నది విన్నట్టు లెక్కలోకి తీసుకున్నాడు.

"వెలిగిందా?" అని కిందనుంచి గొంతు.

"లేదు. వదలనా?"

"ఉండు, ఇంకో అర చుట్టు. ఆ, ఇప్పుడు వదులు బావా."

లైటు ఆరే ఉంది. టైర్ల వెనక ఆమె అక్కడే కూలబడింది. ఏడుపు వచ్చింది, సీసాలో నీళ్ళు తాగి మింగింది. ఇప్పుడు ఒకరినొకరు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటారేమోనని, చూడాలని లేచింది. అలాంటిదేమీ జరగలేదు. అర చుట్టు ముందే బిగించి ఉంటే మూడోసారికే ఆరేదని అన్న అన్నాడు. కాలు పెట్టడం రాక, చెప్పు కింద బొద్దింకను తొక్కినట్టు తొక్కితే ఆరదని మేస్త్రీ అన్నాడు. నీకు రెంచి పట్టుకోవడం నేర్పినవాణ్ణి అనాలి అన్నాడు అన్న. అక్కణ్ణుంచి వరద. నాలుగేళ్ళ సరుకు, వైర్లు, బల్ల, ఊడిన రంగు, రంగు వేసినవాడి వంశం, అన్నీ ఏ వడపోతా లేకుండా బయటికొచ్చాయి. ఆమెకు ప్రతి మాటకూ నోరు దురద పుట్టింది. ఈ మాట ఇలా కాదు, అలా అంటే బాగుండేది అని పెదవులు వాటంతటవే కదిలాయి. నాలుగేళ్ళు తను ఇంత కష్టపడి చక్కెర పూసిన మాటలు, పూయకపోయినా ఆ ఇద్దరికీ అరిగేవేనని అప్పుడు తెలిసింది. సంతోషమే, కాకపోతే కొంచెం అవమానంగా కూడా అనిపించింది. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, కాసేపు మొహం ముడుచుకునే కూర్చుంది.

తర్వాత ఆమె డాక్టరును పక్కన కూర్చోబెట్టుకుని కారును మూడు వీధులు తిప్పింది. మలుపు దగ్గర గట్టిగా తొక్కి చూసింది. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది, లైటు చీకటిగానే ఉంది. మీ మోకాలు తగ్గినట్టుంది అన్నాడు డాక్టరు, ఎటో చూస్తూ. తిరిగొచ్చేసరికి బావలిద్దరూ ఇంకా ఒకరి మాట ఒకరు నరుకుతూనే ఉన్నారు. డాక్టరు విడతలవారీగా దిగి, అందరికీ దండం పెట్టి, మళ్ళీ విడతలవారీగా ఎక్కి, వాళ్ళమ్మకు చూపించడానికి వెళ్ళిపోయాడు.

భోజనాల వేళ అయింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చుని క్యారియరు విప్పారు. అప్పుడు ఆమె సంగతి చెప్పింది. స్కూలు, సోమవారం, ఎనిమిది గంటలు, ఈ సాయంత్రంలోగా మాట ఇవ్వాలి. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

ఇద్దరూ ఆమెను చూశారు, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఒక్క నిమిషం అని లేచి స్కూటరు అవతలికి వెళ్ళారు. చాలాసేపు గుసగుసలు. చేతులు ఊగాయి, తలలు ఆడాయి. తిరిగొచ్చి ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. గొంతు సవరించుకున్నది మేస్త్రీ.

"మేమిద్దరం ఆలోచించాం" అన్నాడు.

"ఇద్దరం" అన్నాడు అన్న.

"నువ్వు వెళ్ళొద్దని అనుకున్నాం. పెడల్ ఎవరు తొక్కుతారు? కారు ఎవరు తిప్పి చూస్తారు?"

ఆమెకు ఒక్కసారిగా నవ్వు తన్నుకొచ్చింది. ఎంత నవ్వినా ఆగలేదు, కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. మేమిద్దరం అనే మాట వినడానికి ఆమె మొక్కని దేవుడు లేడు. నాలుగేళ్ళకు ఆ మాట వచ్చింది, వచ్చీ రాగానే ఆమె దారికి అడ్డంగా పడుకుంది.

"మీరిద్దరూ కలిసి చెప్పిన మొదటి మాట, కాదనకూడదు" అంది కళ్ళు తుడుచుకుని. "కానీ కాదంటున్నా. పెడల్ మీరే తొక్కారు పొద్దున, చూశాగా. సోమవారం వెళ్తున్నాను."

ఇద్దరి మొహాలూ ఒకేసారి మాడిపోయాయి. కూర్చుని కంచాలు లాక్కున్నారు. ఆ భోజనం అయ్యేదాకా ఇద్దరిలో ఒక్కరూ ఆమెతో మాట్లాడలేదు, ఆమె వైపు చూడలేదు కూడా. ఉప్పు ఆమె చేతి పక్కనే ఉంది.

"బావా, ఉప్పు ఇలా ఇవ్వు" అన్నాడు మేస్త్రీ. అన్న ఆమె మీదుగా చెయ్యి చాపి అందించాడు.

ఆమె ఆ రోజు మారు వడ్డించుకుని కడుపునిండా తింది.